మొదటి ఎగ్జిబిషన్: డబ్బు కట్టి గ్రూప్ షోలో చేరాలా, ఆగాలా?

కడియం_రంగులు

అందరికీ నమస్తే అండీ. మాది కడియం దగ్గర చిన్న ఊరు. ఆంధ్రా యూనివర్సిటీలో బీఎఫ్‌ఏ చేశాను, ఇప్పుడు రాజమండ్రిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగ్ మాస్టారుని, వయసు 27. మూడేళ్ల నుంచి మా నర్సరీల మీదే బొమ్మలు వేస్తున్నాను. పూలమొక్కల అందాలు కాదండీ, అక్కడ పనిచేసే ఆడవాళ్లు, ఎర్రమట్టి నింపిన నల్ల పాలిథీన్ కవర్లు వరసలు వరసలుగా ఉంటాయి కదా, అవి, లారీల్లోకి మొక్కలు ఎక్కించడం, ఇలాంటివి. కాన్వాస్ మీద యాక్రిలిక్ ఇరవై దాకా ఉన్నాయి, కాగితం మీద వాటర్ కలర్లు ఇంకా ఎక్కువే.

విషయం ఏమిటంటే ఇన్‌స్టాలో నా బొమ్మలు చూసి ఒకాయన మెసేజ్ పెట్టారు. మెట్రో సిటీలో జాతీయ స్థాయి గ్రూప్ షో, 30 మంది ఆర్టిస్టులు, ఒక్కొక్కరివి రెండు బొమ్మలు, నాలుగు రోజులు. పార్టిసిపేషన్ ఫీజు 18,000. సర్టిఫికెట్, మెమెంటో, క్యాటలాగ్‌లో ఒక పేజీ ఇస్తారట. బొమ్మ అమ్ముడైతే 30 శాతం కమీషన్ వేరే. బొమ్మలు పంపే ఖర్చు, తిరిగి తెప్పించుకునే ఖర్చు నాదే. ఈ శుక్రవారం లోపు కట్టకపోతే స్లాట్ వేరేవాళ్లకి వెళ్లిపోతుందని రోజూ గుర్తు చేస్తున్నారు, దాంతో టెన్షన్‌గా ఉంది. మా ఇంట్లో అయితే 'పేరు వస్తుంది కదా, కట్టేయ్' అంటున్నారు. నా జీతానికి ఇది చిన్న మొత్తం కాదు. గ్యాలరీల్లోకి వెళ్లాలంటే దారి ఇదేనా, ఇంకేమైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మాదాపూర్_గోడ

కట్టకండి. ముందు ఇది చెప్పేసి తర్వాత కారణాలు రాస్తాను.

30 మంది, మనిషికి 18,000 అంటే 5,40,000. నాలుగు రోజుల హాలు అద్దె, క్యాటలాగ్ ప్రింటింగ్, ముఖ్య అతిథికి శాలువా, సమోసాలు, టీ అన్నీ పోను ఆయనకి షో మొదలవకముందే లాభం వచ్చేసింది. మీ బొమ్మ అమ్ముడైనా కాకపోయినా ఆయనకి పోయేదేమీ లేదు, కాబట్టి కొనేవాళ్లని పిలిచే అవసరం కూడా లేదు. తేడా అంతా ఇక్కడే ఉంది. అసలైన గ్యాలరీ మీ దగ్గర ముందు డబ్బు తీసుకోదు, బొమ్మ అమ్ముడైతేనే దానికి కమీషన్, అది 30 నుంచి 50 శాతం దాకా ఉంటుంది. వినడానికి ఎక్కువే, కానీ అమ్మితేనే వాళ్లకి తిండి, అందుకే ఫోన్లు చేస్తారు, బొమ్మలు కొని సేకరించే కలెక్టర్లకి ఫొటోలు పంపుతారు, ఎవరైనా వస్తే బొమ్మ ముందు నిలబెట్టి మాట్లాడతారు. మీకు మెసేజ్ పెట్టినాయన ఫీజూ తీసుకుని కమీషనూ అడుగుతున్నాడు, రెండు చేతులా.

ఇక గ్యాలరీలోకి ఎలా వెళ్లాలంటే, హైదరాబాద్‌లో ప్రైవేటు గ్యాలరీలు తక్కువే, కలాకృతి, సృష్టి లాంటివి చాలా ఏళ్లుగా నడుస్తున్నాయి. సృష్టి వాళ్లు ఎమర్జింగ్ ప్యాలెట్స్ పేరుతో కొత్తవాళ్ల పని చూపించారు. ఇలాంటి చోట్లకి ముందు చూడ్డానికి వెళ్లండి. పోర్ట్‌ఫోలియో చంకలో పెట్టుకుని ఓపెనింగ్ రోజు మాత్రం వెళ్లొద్దు. ఆ సాయంత్రం గ్యాలరీవాళ్లు అతిథులతో, కొనేవాళ్లతో తలమునకలుగా ఉంటారు, మీ ఫైలు తీసి చూపిస్తే మొహమాటానికి 'బాగుందండీ' అంటారు, అంతే. అదే షో మూడో రోజో నాలుగో రోజో, మధ్యాహ్నం పూట వెళ్తే హాల్లో మీరూ, అక్కడ కూర్చున్న అమ్మాయీ తప్ప ఎవరూ ఉండరు. గోడమీద ఏముంది, ఏ సైజులు, ఎలాంటి పని తీసుకుంటున్నారు, ధరల లిస్టులో ఏముంది, ఎన్నిటి పక్కన ఎర్ర చుక్క పడింది (అంటే అమ్ముడైందని గుర్తు), అన్నీ తీరిగ్గా చూడొచ్చు. మీ పనికి ఆ గ్యాలరీ సరిపోతుందో లేదో మీకే తెలుస్తుంది. అబ్‌స్ట్రాక్ట్ మాత్రమే చూపించే చోటికి నర్సరీ కూలీల బొమ్మలు పంపి, జవాబు రాలేదని బాధపడేవాళ్లని చాలామందిని చూశాను.

ఇంకో మాట, మీ దగ్గర ఒకే విషయం మీద ఇరవై కాన్వాసులు ఉన్నాయన్నారు చూడండి, అది మీరనుకునే దానికన్నా పెద్ద బలం. గ్యాలరీవాళ్లు చూసేది సిరీసే. ఒక గుర్రం, ఒక బుద్ధుడు, ఒక వినాయకుడు, ఒక ల్యాండ్‌స్కేప్ కలిపి పంపేవాళ్ల మెయిళ్లు రెండో పేజీ దాకా కూడా ఎవరూ తెరవరు.

పాతబ్రష్_సిద్దిపేట

పైన చెప్పినదాంట్లో ఫీజు గురించి నూటికి నూరు నిజం తమ్మీ, కట్టకు. కానీ గ్యాలరీ పిలిచేదాకా కూసుండుడు కూడా పద్ధతి కాదు, అట్ల ఎదురుచూస్తే వెంట్రుకలు తెల్లబడతయి.

మా రోజుల్లో చేసిన పని ఒకటుంది. నలుగురైదుగురు కలిసి హాలు కిరాయికి తీసుకుని సొంతంగా పెట్టుకునేది. హైదరాబాద్‌లో మాదాపూర్‌లోని స్టేట్ గ్యాలరీ ఆఫ్ ఆర్ట్, పాతవాళ్లు చిత్రమయి అంటరు, ప్రభుత్వానిదే, దరఖాస్తు పెట్టుకుంటే హాళ్లు అద్దెకిస్తరు. రవీంద్రభారతి ఆవరణలో ఐసీసీఆర్, అంటే కేంద్రం వాళ్ల సాంస్కృతిక సంబంధాల మండలి, గ్యాలరీ ఉంది. ఆ 18,000లో నీ వాటా కిరాయి ఎల్లిపోతుంది, పైగా రెండు బొమ్మలు కాదు, నీవి ఆరేడు వేలాడదీయొచ్చు. ఎవరెవరు కలుస్తరన్నది ముఖ్యం. నీ పనికి పక్కన నిలబడే పని ఉన్నోళ్లనే కలుపుకో, దోస్తానా చూసి కాదు.

మా కాపు రాజయ్య గారు సిద్దిపేటలనే ఉండి, బోనాలు, బతుకమ్మ, పల్లె మనుషులను గీసి దేశమంత పేరు తెచ్చుకున్నడు, చివరిదాకా ఊరు విడువలేదు. లక్ష్మాగౌడ్ సారు నిజాంపూర్ నుంచి, వైకుంఠం సారు బూరుగుపల్లి నుంచి వచ్చి ఊరి మనుషులనే గీసిండ్రు. నువ్వు కడియం నర్సరీలు పట్టుకున్నవ్, విడువకు.

మాదాపూర్_గోడ

పాతబ్రష్ గారూ, అద్దె హాలు విషయంలో మీతో సగమే ఒప్పుకుంటానండీ. స్టేట్ గ్యాలరీ హాళ్లు మంచివే, గోడలూ లైట్లూ బాగుంటాయి, ఫొటో ఫెస్టివల్ లాంటివి జరిగినప్పుడు జనం కూడా బాగానే వస్తారు. కానీ పేరు తెలియని కొత్తవాళ్లు సొంతంగా పెట్టుకుంటే వచ్చేది చుట్టాలు, క్లాస్‌మేట్లు, ఒక లోకల్ పేపర్ రిపోర్టర్. రాజమండ్రి నుంచి వచ్చే మనిషికి హాలు అద్దె ఒక్కటే కాదు కదా, హైదరాబాద్‌లో వారం రోజుల బస, స్కూలుకి సెలవు, ఫ్రేములు, రవాణా, బ్యానరు, ఇన్విటేషన్లు. అమ్ముడయ్యేది సున్నా అనుకునే లెక్క వేసుకోవాలి. ఆ లెక్కకి కూడా సిద్ధమైతే అప్పుడు పెట్టుకోవడంలో తప్పు లేదు.

పాతబ్రష్_సిద్దిపేట

అమ్ముడు కాకపోయినా గోడమీద తన బొమ్మలన్నీ ఒక్కసారి వరసగా చూసుకుంటే ఏది నిలబడ్డది ఏది పడిపోయింది అని తెలుస్తది మేడం. ఇంట్ల మంచానికి ఆనించి చూస్తే తెల్వది. అందుకే అంటున్న.

సమోసా_క్రిటిక్

మెమెంటో మాత్రం అద్భుతంగా ఉంటుంది, గ్యారంటీ. మా ఇంట్లో ఒక షెల్ఫు నిండా ఉన్నాయి. బొమ్మలు పెట్టడానికే చోటు లేదు.

కడియం_రంగులు

అందరికీ చాలా థాంక్సండీ. నిజానికి గ్యాలరీకి మెయిల్ పెట్టాలంటేనే భయం, అందుకే ఆయన పిలిచేసరికి ఎగిరి గంతేశాను. ఇంకో రెండు సందేహాలు. ఒకటి, ఆయన పంపిన ఫారంలో 'ప్రదర్శించిన చిత్రాల ఫొటోలను, ముద్రణ హక్కులను నిర్వాహకులు ఏ రూపంలోనైనా వాడుకోవచ్చు' అని ఒక లైను ఉంది, ఇది మామూలేనా? రెండు, ధర ఎలా పెట్టాలి? ఇప్పటిదాకా అడిగినవాళ్లకి మూడు వేలు, నాలుగు వేలు అని నోటికొచ్చింది చెప్పి ఇచ్చేశాను.

నల్లకోటు_నీలిరంగు

వృత్తి లాయర్ని, ఆదివారాలు వాటర్ కలర్లు. ఆ లైను మామూలు కాదు. క్యాటలాగ్‌లో, షో ప్రచారంలో ఫొటో వాడుకోవడానికి అనుమతి అడగడం మామూలు. ముద్రణ హక్కులు ఏ రూపంలోనైనా అంటే రేపు మీ నర్సరీ బొమ్మ క్యాలెండర్ మీదా, టీ కప్పు మీదా కనిపించినా మీరు నోరెత్తడం కష్టమవుతుంది. మనవాళ్లలో చాలామందికి తెలియనిది ఏమిటంటే, బొమ్మ అమ్మినంత మాత్రాన కాపీరైట్ పోదు. కొన్నవాళ్లకి ఆ కాన్వాస్ సొంతమవుతుంది, దాన్ని ప్రింట్లు వేసి అమ్ముకునే హక్కు మీ దగ్గరే ఉంటుంది, మీరు రాతపూర్వకంగా రాసిస్తే తప్ప (డబ్బు తీసుకుని ఎవరి కోసమైనా ప్రత్యేకంగా వేసిచ్చే పోర్ట్రెయిట్ల లాంటి వాటి సంగతి వేరు). 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతలోనే ఉండాలి, ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లుగా లెక్కిస్తారు, ఏ ప్రాంతానికో రాయకపోతే ఇండియా వరకే. అందుకని ఫారంలో ఆ లైను కొట్టేసి 'ఈ ప్రదర్శన క్యాటలాగ్, ప్రచారం కోసం మాత్రమే' అని రాసి సంతకం పెట్టండి. ఒప్పుకోకపోతే వాళ్లకి కావలసింది మీ బొమ్మలు కాదని అర్థం.

అదే చట్టంలో 57వ సెక్షన్ కింద, బొమ్మ అమ్మేసిన తర్వాత కూడా మీ పేరు, మీ పని పాడవకుండా చూసుకునే హక్కు ఉంటుంది. శిల్పి అమర్‌నాథ్ సెహగల్ ఢిల్లీ విజ్ఞాన్ భవన్ కోసం చేసిన పెద్ద కంచు మ్యూరల్‌ని 1979లో పీకి గోదాములో పడేస్తే, ఆయన కోర్టుకెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు మిగిలిన ముక్కలు ఆయనకి తిరిగి ఇవ్వమని, 5 లక్షలు పరిహారం కట్టమని ప్రభుత్వానికే చెప్పింది. ఏళ్లు పట్టింది నిజమే, కానీ తీర్పైతే ఉంది కదా.

మాదాపూర్_గోడ

ధర గురించి. కొత్తవాళ్లకి చదరపు అంగుళం లెక్క సులువు. 24 అంగుళాలు, 36 అంగుళాలు అంటే 864 చదరపు అంగుళాలు, అంగుళానికి 20 రూపాయలు పెట్టుకుంటే 17,280. అందులో గ్యాలరీ సగం తీసుకుంటే మీకు 8,640, దాంట్లోంచి కాన్వాస్, స్ట్రెచర్ (కాన్వాస్ బిగించే చెక్క చట్రం), రంగులు తీసేస్తే ఏం మిగులుతుందో చూసుకుని ఆ 20ని కాస్త అటూఇటూ చేసుకోండి. చాలా చిన్న బొమ్మలకి ఈ లెక్క గిట్టదు, వాటికి కొంచెం ఎక్కువ రేటు పెట్టుకోవాలి. ఒక్కటి మాత్రం గట్టిగా పట్టుకోండి: గ్యాలరీలో 17,000 ఉన్న బొమ్మని ఇంటికొచ్చి అడిగినవాళ్లకి 6,000కి ఇవ్వకూడదు. ఇది తెలిసిన రోజున గ్యాలరీ మీ ఫోన్ ఎత్తదు, అంతకుముందు పూర్తి ధర పెట్టి కొన్నాయన అసలు క్షమించడు. మొహమాటం అడ్డొస్తే దగ్గరివాళ్లకి చిన్న వాటర్ కలరో, స్కెచ్చో ఇవ్వండి.

హెచ్‌సీయూ_ఎంఎఫ్‌ఏ

అన్నయ్యా, గ్యాలరీల సంగతి పక్కనపెడితే మీ వయసుకి ఉన్న అవకాశాలు చెప్తాను, ఎందుకంటే వయసు దాటిపోతే కొన్ని పోతాయి. కేంద్ర సాంస్కృతిక శాఖ యువ కళాకారులకి ఇచ్చే స్కాలర్‌షిప్ 18 నుంచి 25 ఏళ్లవాళ్లకే, నెలకు 5,000 చొప్పున రెండేళ్లు, అది మీకు దాటిపోయింది. కానీ అదే శాఖ ఇచ్చే జూనియర్ ఫెలోషిప్ 25 నుంచి 40 ఏళ్ల వాళ్లకి, నెలకు 10,000, రెండేళ్లు. దీనికి ప్రాజెక్టు రాసి పంపాలి. కడియం నర్సరీల పని మీద ఇప్పటికే మూడేళ్లు పనిచేశారు కాబట్టి మీ ప్రాజెక్టు సగం రాసి ఉన్నట్టే. నోటిఫికేషన్లు సీసీఆర్‌టీ (ఆ శాఖ కిందే ఉన్న సంస్థ) వెబ్‌సైట్‌లో వస్తాయి, కన్నేసి ఉంచండి.

లలిత కళా అకాడమీ జాతీయ ప్రదర్శనకి పంపండి. ముందు ఫొటోలు చూసి ఎంపిక చేస్తారు కాబట్టి ఫొటో సరిగ్గా లేకపోతే ఎంత మంచి బొమ్మైనా అక్కడే ఆగిపోతుంది. మన దక్షిణాదికి చెన్నైలో గ్రీమ్స్ రోడ్డులో అకాడమీ ప్రాంతీయ కేంద్రం ఉంది, అక్కడ ప్రింట్‌మేకింగ్, సిరామిక్స్ స్టూడియోల్లో పనిచేసుకోవచ్చు. వేసవి సెలవుల్లో మీలాంటి స్కూలు మాస్టార్లకి బాగా పనికొస్తుంది. మీ నల్ల కవర్ల వరసలు ఎచింగ్‌లో (లోహపు రేకు మీద గీసి అచ్చు తీసే పద్ధతి) చేస్తే ఎలా ఉంటాయో అని నాకు ఇప్పుడే చూడాలనిపిస్తోంది!

ఢిల్లీలో ఖోజ్ అనే ఆర్టిస్టుల సంస్థ వాళ్ల రెసిడెన్సీలు (కొన్నాళ్లు అక్కడే ఉండి పనిచేసుకునే అవకాశం) కూడా ఉంటాయి కానీ అక్కడ పెయింటింగ్ ఒక్కటే అయితే కష్టం, ప్రయోగాల వైపు మొగ్గు ఎక్కువ. ముంబై జహంగీర్ ఆర్ట్ గ్యాలరీలో సోలో షో కావాలంటే ఇప్పుడే అప్లై చేసి మర్చిపోండి, ఏళ్ల తరబడి వెయిటింగ్ ఉంటుంది, మీ వంతు వచ్చేసరికి మీ శైలి మారిపోయినా ఆశ్చర్యం లేదు.

స్టేట్‌మెంట్, అంటే మీ పని గురించి మీరే రాసి ఇచ్చే నాలుగు మాటలు, ఆ విషయం ఒకటి. దయచేసి 'నా కళ ప్రకృతికీ మనిషికీ మధ్య శాశ్వత బంధాన్ని అన్వేషిస్తుంది' అని రాయకండి. పైన మీ ప్రశ్నలో ఎర్రమట్టి నింపిన నల్ల పాలిథీన్ కవర్లు అని రాశారు చూడండి, అదే రాయండి. తెలుగులో రాసుకుని తర్వాత ఇంగ్లిష్‌లోకి ఎవరితోనైనా మార్పించుకోండి, నేనైనా చేసిపెడతాను.

జయనగర్_తెలుగోడు

బెంగళూరు నుంచి. ఎవరూ చిత్రసంతె గురించి చెప్పలేదేంటి? ఏటా జనవరిలో ఒక ఆదివారం కర్ణాటక చిత్రకళా పరిషత్ ముందు కుమార కృపా రోడ్డు మొత్తం ట్రాఫిక్ ఆపేసి బొమ్మల సంత పెడతారు. దేశం నలుమూలల నుంచి ఆర్టిస్టులు వస్తారు, స్టాలు దొరికితే ఆ ఒక్క రోజులో మీ బొమ్మల ముందు నుంచి వేలమంది నడిచి వెళ్తారు. ఆంధ్రా, తెలంగాణ నుంచి వచ్చేవాళ్లని నేను ఏటా కలుస్తుంటాను. దరఖాస్తులు నెలల ముందే తీసుకుంటారు, కాబట్టి డిసెంబర్‌లో అడిగితే లాభం లేదు.

అయితే అక్కడ పెద్ద కాన్వాసులు కదలవు. నడుచుకుంటూ వచ్చే జనం కాబట్టి చేత్తో పట్టుకుని మెట్రో ఎక్కగలిగిన సైజువే పోతాయి. మీ వాటర్ కలర్లు మౌంట్ చేసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, వెనక మీ పేరు, ఫోన్ నంబరు అంటించి ఒక అట్టపెట్టెలో నిలబెట్టండి, జనం తిరగేసి చూసుకుంటారు. యూపీఐ కోడ్ ప్రింట్ పెద్దది తీసుకెళ్లండి. అంత జనంలో నెట్ సరిగా రాదు, చిల్లర కూడా ఉంచుకోండి. ఎండకి ఒక గొడుగు.

కడియం_రంగులు

ఇంత సమాచారం వస్తుందనుకోలేదండీ. ఆయనకి ఫీజు కట్టలేనని మెసేజ్ పెట్టాను. 'సరే, మీకోసం 12,000కి చేస్తాను' అని అయిదు నిమిషాల్లో జవాబొచ్చింది :)

జూనియర్ ఫెలోషిప్‌కి రాయడం మొదలుపెడతాను. చెల్లెమ్మా, స్టేట్‌మెంట్ రాసి పంపుతాను, తప్పకుండా చూడాలి. చిత్రసంతెకి కూడా ప్రయత్నిస్తాను. పాతబ్రష్ గారూ, మా బ్యాచ్‌లో ఇద్దరు విశాఖలో సీరియస్‌గా పనిచేస్తున్నారు, వాళ్లతో మాట్లాడుతున్నాను. హైదరాబాద్ కాకుండా ముందు మన దగ్గరే పెడితే తక్కువ చూపు అవుతుందా?

పాతబ్రష్_సిద్దిపేట

ఎందుకయితది? మీ రాజమండ్రిలనే కదా దామెర్ల రామారావు బొమ్మలేసింది, ఆయన పేరు మీద గ్యాలరీ కూడ ఉన్నది. 1925ల మశూచితోని పోయేనాటికి ఆయనకి 28 నిండలేదు, అంటే నీ ఈడే. బొంబాయిల చదువుకుని కూడ తిరిగొచ్చి గోదావరి గట్టుకే చిత్రకళా పాఠశాల పెట్టిండు. పిల్లలను తోలుకపోయి ఆ బొమ్మలు చూపించు. మీ నర్సరీల పనిచేసే ఆ ఆడోళ్లు ఎగ్జిబిషన్‌కి నడిచొచ్చే దూరంల పెడితే నా లెక్కల అది హైదరాబాద్ షో కన్న పెద్దది. అమ్మకానికి మాత్రం ఆశ పెట్టుకోకు.

బెజవాడ_బొమ్మ

విజయవాడలో కల్చరల్ సెంటర్ కూడా ఉంది, అక్కడ ఆర్ట్ షోలు జరుగుతూ ఉంటాయి. మీ ముగ్గురి పనీ కలిపి పది ఫొటోలతో ఒక పీడీఎఫ్ చేసి అడిగి చూడండి. విశాఖకీ రాజమండ్రికీ హైదరాబాద్‌కీ మధ్యలో అందరికీ అందే ఊరు.

ఫ్రేముల_షాపు

ఫొటోల సంగతి, ప్యాకింగ్ సంగతి నేను చెప్తాను, రోజూ ఇదే పని.

ఫొటోకి కెమెరా లేకపోయినా ఫర్వాలేదు, మంచి ఫోన్ చాలు. ఉదయం తొమ్మిది పది మధ్య, నేరుగా ఎండ తగలని వరండాలో బొమ్మని గోడకి నిటారుగా పెట్టండి, ఫోన్ సరిగ్గా బొమ్మ మధ్యభాగం ఎత్తులో ఉండాలి. ఫ్లాష్ వద్దు. కొంచెం దూరం వెళ్లి జూమ్ చేసి తీస్తే అంచులు వంకరపోవు. గ్లాసు బిగించకముందే తీయండి, బిగించాక తీస్తే బొమ్మలో మీ బనియనే కనిపిస్తుంది. ఫైలు పేరులో మీ పేరు, బొమ్మ పేరు, సైజు, మీడియం, సంవత్సరం ఉండాలి.

కాగితం బొమ్మలకి మౌంట్ బోర్డు యాసిడ్ లేనిది అడిగి మరీ తీసుకోండి, చవకది వేస్తే నాలుగేళ్లలో అంచులు పసుపెక్కుతాయి. రవాణా ఉన్నప్పుడు గాజుకి బదులు యాక్రిలిక్ షీటు వేయించండి, గీతలు పడతాయి కానీ పగలదు. కాన్వాసులకి ఫ్రేమే అక్కర్లేదు, ఒకటిన్నర అంగుళం మందం స్ట్రెచర్ మీద బిగించి పక్కలకి కూడా రంగు వేసేస్తే గ్యాలరీలో అలాగే వేలాడదీస్తారు, ఆ డబ్బు మిగులుతుంది.

పెద్ద కాన్వాసులు రైల్లో, గౌతమిలోనో మరోదాంట్లోనో తీసుకెళ్లాలంటే స్ట్రెచర్ నుంచి ఊడదీసి చుట్టండి. చాలామంది రంగు లోపలికి పెట్టి చుడతారు, అది తప్పు, రంగున్న వైపు బయటికి ఉండాలి, అప్పుడే పొర ముడతపడదు. మధ్యలో బటర్ పేపరు, లోపల ఆరంగుళాల పీవీసీ పైపు. సన్న పైపు మీద బిగించి చుడితే యాక్రిలిక్ పగుళ్లు వస్తాయి. బబుల్ రాప్ రంగుకి తగలకూడదు. మన ఎండలకి యాక్రిలిక్ మెత్తబడి ఆ బుడగల గుర్తులు బొమ్మంతా పడతాయి, మళ్లీ పోవు. పైపు సీటు కింద పెట్టి చెయిన్ వేసుకోండి, పైబెర్తు మీద పెడితే ఎవరో ఒకరు దాన్ని తలగడ చేసుకుంటారు.